మామూలు, సహజము

ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ‘మా యూరు’ అను విషయముపై వ్యాసము వ్రాయుడని చెప్పి, ఆ పుస్తకములను దిద్దుచుండగా నొక వాక్యముకడ మా యెఱ్ఱసిరా కలము నిలిచిపోయినది. ఉద్దానపు తీరమున నున్న చిన్న గ్రామమునుండి వచ్చు బాలుడు వ్రాసిన వాక్యమది: “మా ఊరిలో కొబ్బరి, జీడి, పనస, మునగ, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్నవి.” అక్షరదోషము లేదు, అన్వయదోషమును లేదు. వాడు హాస్యమునకు వ్రాయలేదు, దుఃఖించియు వ్రాయలేదు. తోటలోని చెట్లను వరుసగా లెక్కపెట్టినట్లు లెక్కపెట్టినాడు. మఱునాడు వానిని పిలిచి, “జబ్బును చెట్లతో కలిపి యెందుకు వ్రాసితివి?” అని యడిగితిమి. చేసిన తప్పేమో తెలియక వాడు కొంతసేపు మా ముఖము చూచి, “మా ఊళ్లో అది మామూలే కదండీ, మాస్టారూ” అనెను.

ఆ మాటకు మేమేమియు బదులు చెప్పలేకపోతిమి. నాలుగు దినము లాలోచింపగా, పెద్దలమగు మనకంటె బాలుడే సరియైన పదము వాడినాడని తోచినది. మామూలు అను పదము అరబ్బీనుండి హిందూస్థానీ ద్వారా మనకు వచ్చినది. చేయబడునది, ఆచరింపబడునది అని దాని యర్థము. సహజము అను సంస్కృతపదమునకు వెంట పుట్టినది అని యర్థము. మామూలు ఎప్పుడో యొకనాడు మొదలైనది గనుక మఱియొకనాడు మానవచ్చును. సహజమునకు మొదలు వెదకుట వ్యర్థము. ఈ రెండింటికి నడుమ నున్న దూరమును మన సంభాషణ ప్రతిదినమును చెఱిపివేయుచున్నది. బాలుడు మామూలన్నదానిని మన మింకొక యడుగు ముందుకు జరిపి సహజమనుచున్నాము. కచేరీలలో ముట్టజెప్పు సొమ్మునకు మామూలని పేరు వచ్చిన విధము పాఠకు లెఱిగినదే. మొదట నొకడిచ్చెను, పిమ్మట అందఱు నిచ్చిరి, నేడియ్యనివాడే యక్రమము చేసినవానివలె చూడబడుచున్నాడు.

ఈ విషయమున మనవారి నోట రెండు ప్రమాణములు వినబడుచుండును. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని సామెత. తినుచుండగా వేము గూడ తియ్యనగునని, సాధనచే పనులు సమకూరునని చెప్పు వేమన పద్యము రెండవది. ఒకే యింటిలో ఒకే నోటినుండి రెండును వెలువడుచుండును: కోడలి తప్పునకు సామెత, కొడుకు లెక్కల పరీక్షకు వేమన. కోడలికి వేమన పద్యము చెప్పి, కొడుకునకు సామెత చెప్పిన యత్తగారిని మే మింతవఱకు చూడలేదు. భగవద్గీతయు చదువరి నిట్టి సంశయముననే యుంచును. ప్రాణులు తమ ప్రకృతినే యనుసరించును, నిగ్రహ మేమి చేయగలదని 3వ అధ్యాయమున పలికిన యాచార్యుడే, చంచలమైన మనస్సు అభ్యాసవైరాగ్యములచే పట్టువడునని 6వ అధ్యాయమున చెప్పుచున్నాడు. వ్యాఖ్యాతలు ఈ రెంటిని సమన్వయించిరి; మేము వారితో వాదమునకు దిగము. ఎదుట నున్న వస్తువు ప్రకృతియో అభ్యాసమో గుర్తుపట్టుట యెట్లు అనుట మాత్రమే మా ప్రశ్న. దానికి గ్రంథములకంటె టెక్కలి, పలాస పరిసరములే మాకెక్కువ యుపకరించినవి.

టెక్కలికి సమీపమున తేలినీలాపురమను గ్రామము కలదు. ఏటేట వర్షములు వెనుకబట్టు వేళకు గూడబాతులును, రెక్కల కొసలలో గులాబివన్నె గల పెద్దకొంగలును వచ్చి, ఆ యూరి చింతచెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని, వేసవి ముదురకముందే వెడలిపోవును. వీనికి మేత నౌపడా తంపరలో దొరకును. పక్షులు వచ్చిన యేడు ఊరికి మేలని గ్రామస్థుల నమ్మకము. వానిపై రాయి విసరినవానిని వారు సహింపరు. పక్షులకు ఆ చెట్లలవాటైనవి, మనుష్యులకు ఆ పక్షులలవాటైనవి. ఒక యలవాటు రెండవదానిని నిలుపుచున్నది.

ఇందులో మూడవ యలవాటొకటి కలదు. అది నోటికి సంబంధించినది. ఈ పక్షులు సైబీరియానుండి వచ్చునని ప్రతి సంవత్సరము పత్రికలు వ్రాయుచున్నవి. మేమును పిల్లలకు చాలకాలము అట్లే చెప్పితిమి. నిజమేమనగా, ఈ గూడబాతు దక్షిణ, ఆగ్నేయ ఆసియా దేశముల పక్షి. ఈ కొంగయు నంతే. వీనికిని సైబీరియాకును సంబంధము లేదు. నీరును మేతయు సమృద్ధిగా నున్న చోట్లను వెదకుకొనుచు ఈ దేశములలోనే తిరుగుచుండును. కొంచె మాలోచించినను ఈ సంగతి తెలియవలసినదే. చలిదేశమునుండి వచ్చు పక్షులు ఇచ్చట శీతకాలము గడపి, గూళ్లు కట్టుటకు తమ దేశమునకు మరలును. గూడు కట్టి గ్రుడ్లు పెట్టు చోటు పక్షికి పుట్టినిల్లగును గాని విడిది యెట్లగును? ఇంత సులభమైన విషయము మాకు తట్టకపోవుటకు చదువు లేమి కారణము కాదు. మొదట నొకడు చెప్పినది రెండవవాడు వ్రాసెను. నూఱవవాని చేతికి వచ్చుసరికి అది సిద్ధాంతమైనది.

మఱి పక్షుల రాక మాత్రము మాఱని నియమమా? 1946లో కె. కె. నీలకంఠన్‌గారు పశ్చిమగోదావరి జిల్లాలో కొల్లేటి ప్రాంతమున గూడబాతులు గుంపులుగా గూళ్లు కట్టు స్థలమును చూచి శాస్త్రలోకమునకు తెలిపిరి. తరువాతి దశాబ్దములలో ఆ కొలువు పాడుపడినది. తమ పూర్వులు కట్టిన తావని పక్షులు అచ్చటనే పట్టుబట్టి కూర్చుండలేదు. ఇటీవలి కాలమున అదే కొల్లేటిలో ఆటపాకవద్ద అటవీశాఖవారు నీటిలో ఇనుపమంచెలు నిలుపగా, గూడబాతులు వానిమీద గూళ్లు కట్టుచున్నవి. చెట్టుకొమ్మపై కట్టుట ఆ జాతికి స్వభావమని చెప్పినవాడు ఇనుపకమ్మీపై గూడు చూచినచో నేమనును? నీరు, చేప, నిలుచుటకు కొమ్మ, రాయి విసరని మనుష్యుడు కూడియున్నంతకాలము పక్షి వచ్చును. మనము నియమమని చూచుచున్నది పెక్కుమార్లు ఈ కూడికయే. ఇది చెడుట కెంతకాలము పట్టదు. నౌపడా తంపర, సోంపేట బీల వంటి నీటినేలలు పనికిరాని భూములను మాట కచేరీలలో నలిగి నలిగి, చివరకు వానిలో విద్యుత్కేంద్రములు కట్టుట సహజముగా తోచు స్థితి వచ్చినది. 2010 జూలై 14న సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోను పోలీసు కాల్పులకు ప్రాణములు పోయిన పిమ్మట గాని, ఆ బురదనేల యెవరి కూటికి పనికివచ్చుచున్నదో చాలమందికి తెలియలేదు.

అమెరికా తాత్త్వికుడు చార్లెస్ పెర్స్ 1891లో వ్రాసిన యొక వ్యాసమున, ప్రకృతినియమములే కాలక్రమమున నేర్పడిన యలవాటులని ప్రతిపాదించెను. ఒకమారు జరిగినది మఱల జరుగుటకు మొగ్గు చూపును, ఆ మొగ్గు ముదిరి నియమమగునని యాయన యూహ. యోగశాస్త్రములోని సంస్కార, వాసనా శబ్దముల నెఱిగినవానికి ఇది పరాయి యూహగా తోపదు. మనవారు చిత్తమునకు చెప్పినదానిని ఆయన జగత్తునకంతకు చెప్పెను. గంభీరమైన యూహయే గాని మాకు సమ్మతము కాదు. కొబ్బరికాయ చెట్టునుండి క్రిందికి పడుట ఎన్నడు నేర్చుకొన్నదో చూచినవారు లేరు. అది పడుట మానిన దినమును లేదు. గూడబాతు తాను వచ్చు చెట్టునకు వచ్చుట మానిన దినము కలదు. ఈ రెంటిని అలవాటను నొక్కపేరుతో పిలిచినచో, మాఱునది యేది మాఱని దేది యను ప్రశ్నయే అడుగుటకు వీలులేకుండ పోవును. ఇది సామెతను తలక్రిందులు చేసినట్లే. సామెత అలవాటును ప్రకృతి యన్నది, పెర్స్ ప్రకృతిని అలవాటన్నాడు.

ఇక మనస్సు సంగతి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మాకు ఉత్తరమున గోపాల్‌పూర్‌వద్ద తీరము దాటెను. సరిగా సంవత్సరమునకు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకెను. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ మా పలాసకు చేరువనే తీరము దాటి ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను నేలకూల్చెను. మూడు తుపానులు, తేదీలలో నొక్క దినము భేదము. ఇంక మనస్సునకేమి కావలెను? ఆ పిమ్మట అక్టోబరు 12 దగ్గఱపడుచున్నదనగా గ్రహచారమనువారును, అమ్మవారి కోపమనువారును, తిథులు లెక్కించువారును బయలుదేరిరి. నైఋతి ఋతుపవనములు వెనుదిరిగిన పిమ్మట బంగాళాఖాతపు నీరు వెచ్చగా నుండుటచే అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలమనుటలో సత్యము కలదు. ఆ సత్యమున తేదీ లేదు. ఫొని 2019 మే 3న పూరీవద్ద దాటెను. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్టణమునకు ఉత్తరమున దాటెను. 12వ తేదీని కాచుకొనియున్నవారికి అది వెనుకద్వారమున వచ్చినట్లయినది.

కారణమునకు కార్యమునకు నడుమనున్న బంధమును మనము కంటితో చూచుట లేదు, ఒకటి వెంట నొకటి తఱచుగా వచ్చుటచే మనస్సు కట్టుకొన్న యలవాటే ఆ బంధమని, 18వ శతాబ్దమున స్కాట్లండు తాత్త్వికుడు డేవిడ్ హ్యూము వాదించెను. కళాశాలలో చదువు దినములలో మాకది మితిమీఱిన మాటగా నుండెను. తిత్లీ వచ్చిన మఱుసటి సంవత్సరము మా వీధిలో పంచాంగము తిరుగవేసిన చేతులను చూచిన పిమ్మట అంత మితిమీఱినదిగా తోచుట లేదు. ఆ చేతులలో రెండు మావే యని యొప్పుకొనుట న్యాయము.

పలాస, కాశీబుగ్గలలోని జీడిపప్పు కర్మాగారములకు పోయి చూచినవారికి అలవాటు యొక్క గొప్పతనమును వేఱుగా చెప్ప నక్కఱలేదు. జీడిపిక్క తోలులోని రసము చర్మమును కాల్చును. అందుకై చేతులకు బూడిదయో నూనెయో పూసికొని స్త్రీలు పిక్క కొట్టుదురు, పొట్టు తీయుదురు, గుండును బద్దను వేఱుపఱతురు. డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అని వర్తకులు పెట్టిన తరగతులు కలవు. పౌను బరువునకు ఎన్ని గుండ్లు తూగునో ఆ యంకె తెలుపును. ఈ తరగతులను తూనికతో పని లేకుండ కంటితో చూచి వ్రేళ్లతో వేఱుచేయు నేర్పు మావంటి పుస్తకపు మనుష్యునకు ఇంద్రజాలమువలె నుండును. ఏండ్లతరబడి నేర్చిన విద్య యది. దానిని గూర్చి మేము తఱచుగా విన్న మాట యేమనగా, “ఆడవాళ్ల చేతులకి ఇది పుట్టుకతోనే వస్తుంది” అని. మెచ్చుకొనుచునే యందురు. పుట్టుకతో వచ్చినదానికి నేర్పరికిచ్చు కూలి యియ్య నక్కఱలేదు గదా! మగవాడు కొలిమిపని నేర్చిన వృత్తివిద్య. ఆడుది ఏరుట నేర్చిన సహజగుణము. ఇంటిలో వంట సంగతియు నింతే యని మా పాఠకురాండ్రకు మేము చెప్పవలసిన పని లేదు.

ఆ జీడియైనను ఈ నేలకు సహజమా యనగా, అదియు లేదు. బ్రెజిల్ దేశపు చెట్టు. 16వ శతాబ్దమున పోర్చుగీసువారు ఓడలపై మన పడమటి తీరమునకు తెచ్చిరి. చాకలివారు బట్టలపై గుర్తు పెట్టు జీడిగింజను పోలియుండుటచే మనవారు దీనిని జీడిమామిడి యనిరి. పేరు మనదైన పిమ్మట చెట్టును తాతలనాటిదే యైనది. తిత్లీకి కూలిన చోటనే మరల కొబ్బరిని జీడిని నాటినవారు పెక్కురు. నాటుకొబ్బరి కాపునకు వచ్చుటకు ఆఱేడేండ్లు పట్టునని తెలిసియే నాటిరి. దానిని మూర్ఖత యనువారితో మేము కలియము. తెలిసి చేయు పునరావృత్తికి మేము విరోధులము కాము.

భాషావిషయమున ఈ భేదమును మొదట గట్టిగా చూపినవారు మా ప్రాంతమువారే. టెక్కలికి వాయవ్యమున నున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తిగారు, పూర్వకావ్యముల భాష తెలుగునకు నిత్యస్వరూపము కాదు, ఒకకాలపు వాడుకయే గట్టిపడి నియమమైనదని 1940లో కీర్తిశేషులగువఱకు వాదించుచునే యుండిరి. ఆయన వాదమును మనసార నొప్పుకొనుచు, ఆ యొప్పుకోలును గ్రాంథికములోనే వ్రాయుచున్నాము! పాఠకులు నవ్వవచ్చును. చిన్ననాట పట్టిన కలము.

ఇప్పుడు బాలుని వాక్యమునకు మరలుదము. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో మూత్రపిండములు మెల్లమెల్లగా చెడు వ్యాధి వ్యాపించియున్నది. ఈ వ్యాధికి సాధారణ కారణములగు మధుమేహము, రక్తపుపోటు లేనివారికిని ఇచ్చట వచ్చుచున్నది. చాలకాలము లక్షణములు పొడసూపవు. తెలిసివచ్చువేళకు డయాలిసిస్ తప్పని స్థితి యగుచున్నది. శ్రీలంకలో ఉత్తరమధ్య రాష్ట్రపు వరిరైతులకును, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశముల చెఱకుపొలముల కూలీలకును ఇట్టి వ్యాధియే వచ్చుచున్నది. నీటిని, నేలలోని ఖనిజములను, పురుగుమందులను, దాహము తీఱక యెండలో చేయు చాకిరిని, నొప్పిమాత్రలను, వంశలక్షణమును పరిశోధకులు పరీక్షించిరి. ఏ యొక్కదానిపైనను నేరము పూర్తిగా రుజువు కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధనాకేంద్రమును, 200 పడకల యాసుపత్రియు ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని ఈ గ్రామములకు తెచ్చు పథకమును అప్పుడే ప్రారంభించిరి.

కారణము తేలలేదనుట వేఱు, కారణము లేదనుట వేఱు. ఆ సందులోనుండియే సహజమను మాట లోపలికి వచ్చుచున్నది. మొదటి చావునకు ఊరంతయు కదలినది. పది చావులైన పిమ్మట వీధి మాత్రము కదలినది. తరువాత ఆ యింటివారే. “ఆ ఊరి నీళ్లంతే” అని పొరుగూరివారు, “మా రాత అంతే” అని ఊరివారు అనుచున్నారు. ఉద్దానమునకు పిల్ల నిచ్చుటకు వెనుదీయువారు కలరని వినుచున్నాము. వైద్యగ్రంథములలో సైతము ఈ వ్యాధిని ఉద్దానము పేరుతోనే పిలుచుచున్నారు. తోటలకు పేరుపడిన సీమ పేరు ఒక రోగమునకు పేరైనది. ఇట్లు నలుదిక్కులనుండి వినుచు పెరిగిన బాలుడు రోగమును పనసచెట్టు ప్రక్కన నిలిపినాడనిన తప్పు వానిదని యెట్లందుము?

వేమన పద్యమును మేము ఇరువది యేండ్లుగా పాఠము చెప్పుచున్నాము. సాధన విషయమున దానిలో దోషము లేదు. అయినను ఇప్పుడు చదువునపుడు ఒక ప్రశ్న పుట్టుచున్నది. వేపాకు తియ్యనైనదా? చెట్టున నున్న యాకు ఎప్పటివలె చేదుగనే యున్నది. మాఱినది తిన్నవాని నాలుక. చేదు తెలియుట నాలుకకున్న యొక కావలి. ఏమి తినుచున్నామో విచారింపక తినుచుండుట నలవఱచుకొన్నచో, ఔషధమైనను విషమైనను ఒకే రుచిగా నుండు దినము వచ్చును. జీడిపప్పు ఏరు చేయి నేర్చిన విధముననే, చావులను చూచు కన్నును నేర్చును. నేర్చు శక్తి యొక్కటే. సామెతను నమ్మినవాడు మాఱుటకు ప్రయత్నింపడు. పద్యమును నమ్మినవాడు దేనికైనను మాఱిపోవును. మేము పిల్లలకు “అలవాటు చేసికొనుడు” అని యెన్నియో వేలమార్లు చెప్పియుందుము. దేనికి అని యడుగుమని చెప్పినట్లు మాకు జ్ఞప్తి లేదు. ఇది వేమన లోపము కాదు, మా పాఠములోని లోపము.

బాలుని వాక్యమును మేము కొట్టివేయలేదు. దాని ప్రక్కన “ఎప్పటినుండి?” అని మాత్రము వ్రాసి, ఇంటిలో పెద్దవారి నడిగి రమ్మని పంపితిమి. మూడు దినములకు వాడు పుస్తకము పట్టుకొని వచ్చెను. వాని నాయనమ్మ ఆ యూరికి కాపురమునకు వచ్చిన నాట ఆ జబ్బు పేరెవరును ఎఱుగరట. మొదట తన పెద్దకొడుకునకు కాళ్లు వాచినపుడు తోటలో నేదో పురుగు కుట్టినదనుకొని పసరు పూసిరట. ఆ సంగతులన్నియు వాడు తడుముకొనక చెప్పెను. పుస్తకము తెఱచి చూచితిమి. కొబ్బరి, జీడి, పనస, మునగ ఒక వాక్యముగా నున్నవి. జబ్బును గూర్చి క్రింది పంక్తిలో వేఱుగా వ్రాసినాడు. సంవత్సరము నాయనమ్మకు జ్ఞప్తి లేనందున, “మా పెదనాన్న కాళ్లు వాచిన ఏటి నుండి” అని వ్రాసియుండెను. దానిని మేము దిద్దలేదు.